'అడ్డు లెగు': టీకా తాత్పర్య సహితం

అవతారిక. విశాఖపట్నం పోర్టులో విహార నౌకల కోసం కట్టిన టెర్మినల్ 2023లో తెరుచుకుంది. ఓడ రేవున ఆగిన పూట ప్రయాణికుల్లో అధిక సంఖ్యాకులు కైలాసగిరికో, సింహాచలానికో, బీచిరోడ్డున ఉన్న జలాంతర్గామి మ్యూజియానికో పోతారు. వీరి జోలి మనకు లేదు. ఏ బస్సూ ఎక్కక, "అసలైన జీవితం చూస్తాను" అని ఫిషింగ్ హార్బరు దారి పట్టే శాఖ వేరే ఉంది. మెడలో కెమెరా, నెత్తిన టోపీ, కాళ్ళకు తెల్ల బూట్లు వీరి లక్షణాలు. అట్టి ఒకానొక ప్రయాణికుణ్ణి ఉద్దేశించి, తలమీద తట్టతో జెట్టీ వెంట వస్తున్న ఒక తల్లి పలికినది ప్రస్తుత వాక్యం.

మూలం. "బాబూ, సూసింది సాల్దేటి? కొంటే కొను, నేదంటే అడ్డు లెగు. ఐసు కరిగిపోతంది."

టీక. *బాబూ:* సంబోధన. రిటైరైన పెద్దమనిషికీ, కాలేజీ కుర్రాడికీ సమానంగా వర్తిస్తుంది. ఇక్కడ వైయాకరణులకు ఒక శంక: పిలుపులో మన్నన ఉంది, "కొను", "లెగు" అనే క్రియల్లో లేదే? దోషం లేదు. మర్యాద పిలుపుతోనే చెల్లిపోయింది. తలమీద బరువున్నప్పుడు క్రియకు "అండి" తగిలించే తీరిక ఉండదు.

*సూసింది:* చూచినది. ఏమి చూచెను? ముందుగా చేపలు. కుప్పలుగా కవళ్ళు, కానాగంతలు, వెండి పట్టీల్లా సావళ్ళు, చాపలా పరుచుకున్న టేకులు. మంచి ధర పలికే వంజరం, చందువాలు విడిగా ఉంటాయి. రొయ్యలైతే చూపు ఆనేలోపే ఎగుమతి వ్యాపారుల పెట్టెల్లోకి వెళ్ళిపోతాయి. పైన గద్దలు, ఎదురుగా డాల్ఫిన్ నోస్ కొండ, మధ్యలో డెక్కు మీంచి డెక్కు మీదికి నేలమీద నడిచినంత తేలిగ్గా దాటిపోయే కలాసీలు. ఒకదానికొకటి ఆనుకుని వరసలుగా కట్టిన మరబోట్లు ఫొటోలో ముచ్చటగా వస్తాయి. 2023 నవంబరు 19 రాత్రి ఒక బోటుకు అంటుకున్న నిప్పు వరస వెంట పాకింది ఆ ఆనుకోవడం వల్లనే. లోపల డీజిలు, వంటకు పెట్టుకున్న గ్యాసు సిలిండర్లు. నలభై దాకా బోట్లు కాలిపోయాయి.

చూడనిది ఏమి? లెక్క. బోటు కదలాలంటే డీజిలు, ఐసు, మంచినీళ్ళు, బియ్యం ముందే ఎక్కాలి. వాటికి పెట్టుబడి పెట్టాలి, చాలాసార్లు అప్పు మీద. రోజుల తరబడి వేట చేసి తెచ్చిన సరుకు వేలంలో పలికిన ధరలోంచి ఆ ఖర్చు తీసేసి, మిగిలింది ఓనరుకూ, సరంగుకూ, కలాసీలకూ వాటాలు. మిగలకపోతే వాటాలూ లేవు. ఇది కెమెరాకు చిక్కదు గనుక "సూసింది" అన్న మాటలో చేరదని గ్రహించునది.

*సాల్దేటి:* చాలదా ఏమి. ప్రశ్నార్థకమే గాని జవాబు కోరినది కాదు. "ఇంకో రెండు ఫొటోలండీ" అని జవాబిచ్చినవాడు భాషాజ్ఞానం లేనివాడు.

*కొంటే కొను, నేదంటే అడ్డు లెగు:* వికల్ప విధి. రెంటిలో ఏది చేసినా శాస్త్రసమ్మతమే అనిపిస్తుంది. మొదటిది సాధ్యమా? ప్రయాణికుడు "కిలో ఎంత?" అంటాడు. జెట్టీ మీద పాట కుప్పకు, తట్టకు. పోనీ తట్ట మొత్తం కొన్నాడే అనుకుందాం, ఎక్కడికి తీసుకుపోతాడు? పచ్చి చేపను ఓడలోకి రానివ్వరు. ఎండు చేప సంగతి అడగనే అక్కర్లేదు, దాని వాసనే దాన్ని పట్టిస్తుంది. వికల్పంలో ఒక పక్షం అసంభవమైతే మిగిలినదే నిత్యవిధి. కాబట్టి ఆ తల్లి రెండు దారులు చూపినట్టే చూపి ఒక్కటే మిగిల్చింది. మీమాంస చదవకుండానే.

పూర్వపక్షం: "నేను పక్కనే నిలబడ్డాను కదా, అడ్డెక్కడ?" అనరాదు. జెట్టీకి పక్క అనేది లేదు. ఇటు ఐసు బండి, అటు ఇద్దరు మోసుకొచ్చే టబ్బు, కాళ్ళ కింద బోటు తాడు, వెనక వల బాగుచేసుకునేవాళ్ళు. పనిలేనివాడు ఎక్కడ నిలబడితే అక్కడే అడ్డు. "రెండో చోట నిలబడు" అనకుండా "లెగు" అని మాత్రమే అన్నది అందుకే.

*ఐసు కరిగిపోతంది:* హేతువాక్యం. చివర ఉన్నా అన్వయంలో ముందుకు రావాలి. చేప చచ్చిన క్షణం నుంచి దాని ధర ఐసు చేతిలో ఉంటుంది. కానాగంత, సూర వంటివి చల్లదనం తప్పితే వాటిలో హిస్టమిన్ పుడుతుంది. తర్వాత ఎంత ఉడికించినా అది పోదు, తిన్నవాడికి ఒళ్ళంతా దద్దుర్లు, మంట. ఫొటో రేపయినా తీసుకోవచ్చు, ఈ తట్ట ఈ పూటే అమ్ముడుపోవాలి. ఇందులో కోపం ధ్వనించిందని కొందరంటారు. నాకు వినిపించింది తొందర ఒక్కటే.

తాత్పర్యం. నాయనా, నువ్వు సెలవులో ఉన్నావు, మేము పనిలో ఉన్నాము.

విశేషం. చూడాలనే కోరిక తప్పని నేననను. సూర్యోదయానికి ముందే వెళ్ళండి, వేలం వినండి, మనిషి ముఖం ఫొటో తీసేముందు అడగండి, తట్ట కనిపిస్తే దారివ్వండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మాత్రం 61 రోజులు తూర్పు తీరమంతా మరబోట్ల వేటకు నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలమని. అప్పుడు జెట్టీ మీద ఎంతసేపు నిలబడినా ఎవరూ ఏమీ అనరు. ఆ రోజులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మత్స్యకార కుటుంబానికిచ్చే భృతి పది వేలు ఉండేది, 2025లో ఇరవై వేలయింది.