పులిసిన పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: 1882లో బ్రెయిన్స్ బీరు పుట్టిన కార్డిఫ్‌లో మన గుంటూరు ఎమ్మెస్సీ విద్యార్థి ఒకడు ఈస్ట్ నుంచి డీఎన్ఏ తీస్తూ, సెంట్రిఫ్యూజ్ తిరిగే పది నిమిషాల్లో చెప్పిన పద్యమిది.

ఆ.వె.
గోడ కూల్చి సబ్బు కొలనులో ముంచెత్తి
మాంసకృత్తు నెల్ల మట్టుబెట్టి
మంచు వంటి చలువ మద్యమ్ము బోయంగ
దారమగుచు దేలు తాత చరిత

ప్రతిపదార్థం: గోడ = కణం చుట్టూ ఉన్న గ్లూకాన్ గోడను; కూల్చి = జైమోలేజ్ అనే ఎంజైముతో 37 డిగ్రీల వెచ్చదనంలో కరిగించి; సబ్బు కొలనులో = ఎస్‌డీఎస్ ద్రావణంలో (షాంపూకు నురగ తెప్పించే వంశానిదే); ముంచెత్తి = కొవ్వు పొరలు విడిపోయేలా తడిపి; మాంసకృత్తు నెల్ల = ప్రొటీన్లనన్నిటినీ; మట్టుబెట్టి = ఫినాల్, క్లోరోఫాం కలిపి గిరగిరా తిప్పి నడిమి తెల్లపొరలో అణిచి; మంచు వంటి చలువ మద్యమ్ము = మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచిన ఇథనాలును; బోయంగ = పైన తేరిన నీటిని వేరుచేసి అందులో పోయగా; తాత చరిత = 16 క్రోమోజోముల డీఎన్ఏ; దారమగుచు = తెల్లని పోగై; దేలు = తేలును.

తాత్పర్యం: గోడ పగలగొట్టి, ఇంట్లోవాళ్లందరినీ తోలేస్తే, పెట్టెలోని దస్తావేజులు చేతికొస్తాయని భావం.

విశేషాలు: ‘ఈస్ట్’ అన్న మాట పద్యంలో లేదు, అధ్యాహార్యం. ఉప్పూ లేదు, ఇది దోషం. డీఎన్ఏకి ఒళ్లంతా ఋణావేశం, అందుకే నీటిని వదలదు. ఉప్పులోని సోడియం ఆ ఆవేశాన్ని చల్లారిస్తేనే ఆల్కహాల్‌లో పోగు కడుతుంది. ‘ఉప్పు’ నిక్షేపంలాంటి సూర్యగణం కనుక, ఛందస్సులో ఇమడలేదన్న సాకు చెల్లదు. కవి మరిచాడు.

‘తాత’ ఎవరికి? నిజకేంద్రక జీవుల్లో జన్యుపటం మొత్తం మొదట చదివింది ఈస్ట్‌దే, 1996లో, సుమారు 1 కోటి 20 లక్షల అక్షరాలు. మనిషి జన్యువులు కొన్నిటిని ఈస్ట్‌లో పెడితే అక్కడా తమ పని చేసుకుపోతాయి. ఈ చుట్టరికంలో ఎలుకా ఉంది. ఎలుక మూలకణాలపై కృషికి 2007లో నోబెల్ అందుకున్న మార్టిన్ ఎవాన్స్ పేరే కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో బయాలజీ భవనానికి పెట్టారు. ఆ ఎలుకకూ, ఈ ఈస్ట్‌కూ, మనకూ మూలపురుషుడు ఒకడే. కనుక ‘తాత’ అందరికీ అన్వయం.

‘మద్యమ్ము’ సాభిప్రాయం. చక్కెర తిని ఈస్ట్ వదిలేది ఇథనాలే. ఎవరు కాచిన మద్యం వారి గుట్టే బయటపెట్టింది. శనివారం రాత్రి కార్డిఫ్ పబ్బుల వీధి సెయింట్ మేరీ స్ట్రీట్‌లోనూ ఇదే న్యాయం.

ఫలశ్రుతి: ఈ టీకా పఠించినవారికి డీఎన్ఏ శుద్ధతను చెప్పే 260/280 నిష్పత్తి 1.8 కలుగును. తగ్గితే ప్రొటీనో ఫినాలో మిగిలినట్టు; టీకాకారుడు బాధ్యుడు కాడు.