సికింద్రాబాద్‌లో ఆఫ్‌రోడింగ్: కొత్తవారికి సూచనలు

లడాఖ్‌కి సెలవు దొరకదు. అడ్వెంచర్ బండి ఈఎంఐ మాత్రం నెల నెలా తప్పదు. దిగులెందుకు? మెట్టుగూడ నుంచి ప్యారడైజ్ దాకా ఫుట్‌పాత్‌లు ఉన్నాయిగా.

బండి: హిమాలయన్, ఎక్స్‌పల్స్ లాంటివాటికి గ్రౌండ్ క్లియరెన్స్ 220 మిల్లీమీటర్లు, ఆ పైన. ఫుట్‌పాత్ అంచు 150 మిల్లీమీటర్లు దాటకూడదని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు. లెక్క కుదిరింది. మీది యాక్టివా అయినా బెంగ లేదు, ఏదో ఒక షాపు ముందు సిమెంటు ర్యాంపు కట్టే ఉంటుంది.

ముహూర్తం: సాయంత్రం ఆరున్నర, సంగీత్ చౌరస్తాలో రెడ్ పడ్డాక. మొదట ఎక్కించేది మీరు కావద్దు. మొదటివాణ్ని అందరూ తిడతారు. మూడోవాడి వంతు వచ్చేసరికి అదే దారి అయిపోతుంది.

హెల్మెట్: మోచేతికి.

చట్టం: యూనిఫాంలో ఉన్న పోలీసు అనుమతిస్తే తప్ప ఫుట్‌పాత్ మీద బండి నడపరాదని 1989 నాటి రోడ్డు నిబంధనల్లోనే రాశారు. ఆ వేళకి ఆయన చౌరస్తా మధ్యలో చేతులూపుతూ ఉంటాడు. అందులో ఒక ఊపు మీకే అనుకోండి.

చలానా: తొందరపడి కట్టకండి. టూవీలర్ల పెండింగ్ చలానాల మీద 2022 మార్చిలో 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం తగ్గించారు. ఓపిక పట్టినవాడికే ఆషాఢం సేల్. కెమెరా కనిపిస్తే వెనక కూర్చున్నవాడు నంబర్ ప్లేట్‌కి చెయ్యి అడ్డం పెట్టాలి. స్నేహితుడన్నాక ఆ మాత్రం చెయ్యడా?

సైలెన్సర్: మార్చండి. మీరు ఇల్లు చేరినట్టు వీధంతా తెలియాలి కదా.

ఏటీవీ: ఆ నాలుగు చక్రాల బండి జోలికి పోకండి. రిజిస్ట్రేషన్ లేకపోతే రోడ్డెక్కకూడదు, ఊరి బయట రిసార్టులో డబ్బు కట్టి తోలుకోవాలి. ఫుట్‌పాత్ ఎక్కే అర్హత నంబర్ ప్లేట్ ఉన్న మనదే.

పైపులు: అసలు పనితనం ఇక్కడే. బండ్లు ఎక్కకుండా ఫుట్‌పాత్ మొదట్లో ఇనుప పైపులు పాతుతారు. అద్దం మడవండి, హ్యాండిల్ కాస్త తిప్పండి, కాలు దింపి ముందుకు తోయండి. బండి దూరిపోతుంది. దూరనిది చక్రాల కుర్చీ. దానికి మడవడానికి అద్దం లేదు, తిప్పడానికి హ్యాండిల్ లేదు. పైపులు పాతింది మన కోసం, ఆగిపోయేది ఆ కుర్చీలో మనిషి. మన బండి కూడా పట్టనంత ఇరుగ్గా పాతితే, కొన్నాళ్లకి ఎవరో ఒక పైపుని వంచేస్తారు. ఎవరో అంటే పరాయివాళ్లు కాదు. పది నిమిషాలు ముందు బయల్దేరితే తీరే తొందర ఇది, ఆ పది నిమిషాలూ ఫోన్‌లో పోతాయి. నడిచేటప్పుడు వెనక నుంచి బండి మీదికొస్తే ‘మనుషులేనా వీళ్లు’ అంటాం. బండెక్కగానే అడ్డొచ్చేది మనుషులే. ఈ రెండు మాటలూ ఒకే రోజు, ఒకే నోటితో అంటాం, నాతో సహా.

నడిచేవాళ్లకి ఫుట్‌పాత్ ఉండటం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు అంది. ఆ హక్కు మన ముందు చక్రం కింద ఉంది.

ఇవేవీ పాటించకపోయినా పర్లేదు, ఒక్క మాట వినండి. ఫుట్‌పాత్ మీద నడిచేవాళ్ల వెనక హారన్ కొట్టకండి. వాళ్లు ఇంకా పక్కకి జరగాలంటే దిగాల్సింది బస్సుల కిందికే.