టెలీవామన చరిత్రము

కావ్యారంభంలో ఇష్టదేవతా స్తుతి ఆచారం. కనుక ముందుగా సూర్యభగవానుడికి ఓ దండం. ఆయన సొమ్మును ఒక బుడతడు ఎలా హరించాడన్నదే ఈ కథ. కుకవినింద కూడా ఉండాలి గానీ, లక్షల ఖరీదు చేసే లెన్సు పక్కన నిలబడి, ఫోన్ తెర మీద రెండు వేళ్లు చాపి "నాదీ జూమ్ అవుద్దన్నా" అనే మహానుభావుల కోసం దాన్ని అట్టే పెడుతున్నాను. షష్ఠ్యంతాలు పాఠకుల మీద దయతో మానేశాను. కృతిభర్త విషయంలో మాత్రం సందేహం లేదు. ఆ లెన్సుకు నెలనెలా ఈఎంఐ కడుతున్న ఇల్లాలికే, ఆమె అనుమతి లేకుండా, ఈ కావ్యం అంకితం.

ఇక పురవర్ణన. తిరుపతి జిల్లాలో, సూళ్లూరుపేట చేరువన, నేలపట్టు అనే మహానగరం కలదు. ఆ పురంబునకు బ్రాకారంబులు నీట నిలిచిన తరువులు. సౌధంబులు పుల్లల గూళ్లు. పౌరులు గూడబాతులు. రాజవీథి యాకాశంబు. నగరలక్ష్మి మైపూత, కొమ్మకొమ్మకు దట్టంబుగా నలముకొన్న రెట్టల ధవళిమ. 1976లోనే ప్రభుత్వం దీన్ని అభయారణ్యంగా ప్రకటించింది కాబట్టి విల్లంబుల వేటగాడికి ఇక్కడ చోటు లేదు. కెమెరా వేటగాడికి మాత్రం కావలిగోపురం ఎక్కి చూసే భాగ్యం ఉంది. చిక్కల్లా గోపురానికీ గూటికీ మధ్య నీళ్లున్నాయి. నీటి మీద నడిచే విద్య ఫోటోగ్రాఫర్లకు ఇంకా పట్టుబడలేదు.

ఆ గోపురం మీద, మూడు కాళ్ల సింహాసనం ఎక్కి, ఒక చక్రవర్తి కొలువుదీరి ఉన్నాడు. అతడు ధవళ కవచాలంకృత గాత్రుండును, 125 మిల్లీమీటర్ల విశాల నేత్రుండును, 3.19 కిలోల దేహభారంబున మోయువాని భుజశిఖరంబుల నడగద్రొక్కువాడును, పచ్చిక మీది మంచుబొట్టులనైన లెక్కింపజాలు సూక్ష్మదృష్టి గలవాడునునై యొప్పుచుండె. లోకం అతడిని కెనాన్ ఈఎఫ్ 500 ఎం.ఎం. ఎఫ్/4, రెండో అవతారం, అని పిలుస్తుంది. 2012లో బజారుకు వచ్చాడు. వెలుగు విషయంలో దానకర్ణుడని అనవచ్చు గానీ, ఈ కథకు బలిచక్రవర్తే సరిగ్గా కుదురుతాడు. ఎందుకో ఇప్పుడు తెలుస్తుంది.

అంతట, సంచి జిప్పు తెరుచుకుని, ఒక వామనుడు వెలువడ్డాడు.

పొడవు 52.7 మిల్లీమీటర్లు. బరువు 325 గ్రాములు. పొట్టలో తొమ్మిది గాజు పలకలు. ముందు భాగాన ఒక గాజు కన్ను గూడు దాటి ముందుకు పొడుచుకు వచ్చి ఉంది. వంశం అడిగితే చాలా పెద్దది. తాతగారు ఇంగ్లండులో 19వ శతాబ్దపు గణితవేత్త పీటర్ బార్లో పేరు మోస్తున్న బార్లో కటకం. దూరదర్శినిలో కూర్చుని చంద్రుణ్ణి మరింత పెద్దగా చూపడం ఆయన వృత్తి. దగ్గర పడుతున్న కిరణాలను పుటాకార కటకంతో కాస్త విప్పి, మరింత వెనక్కి వెళ్లి కలిసేలా చేయడం ఆ ఇంటి విద్య. మనవడూ అదే చేస్తాడు. పేరు 2ఎక్స్ టెలీకన్వర్టర్. కెనాన్ వారింట్లో ముద్దుపేరు ఎక్స్‌టెండర్.

"ఏం కావాలి నాయనా?" అన్నాడు చక్రవర్తి.

"పెద్దగా ఏమీ వద్దు. మూడడుగుల వెలుగు చాలు" అన్నాడు వామనుడు.

అప్పుడు శుక్రాచార్యుడు లేచాడు. ఈ కథలో ఆయన నెల్లూరులో పెళ్లి వీడియోలు తీసి రిటైరైన ఒక బాబాయ్. "అబ్బయా, వాడి మాట నమ్మబాక. చూడ్డానికి పిడికెడున్నాడు గానీ నీ వెలుగంతా ఊడ్చకపోతాడు. వాళ్లన్న 1.4 ఉన్నాడే, వాడికి ఒక్కడుగు ఇచ్చి పంపెయ్" అన్నాడు. చక్రవర్తి వినలేదు, లెన్సుకు చెవులుండవు. లెన్సు యజమాని కూడా వినలేదు, అతడికి 1000 అనే అంకె తప్ప మరేదీ వినపడే స్థితి దాటిపోయింది. పురాణంలో శుక్రుడికి ఒక కన్ను పోయింది. ఆ శాపం వల్లే కాబోలు, ఫోటోగ్రాఫర్ జాతి అంతా నేటికీ ఒక కన్ను మూసుకునే లోకాన్ని చూస్తుంది.

ధారపోత జరిగింది. కెమెరా ఆపి, నోరు నేలకేసి దించి, దుమ్ము పడకుండా మూతలు తీశారు. లెన్సు మెడ మీది ఎర్రచుక్కకు వామనుడి ఎర్రచుక్క ఎదురొచ్చింది. కొద్దిగా తిప్పారు. టక్ అని గొళ్లెం పడింది. మళ్లీ కెమెరా వేయగానే తెర మీద మొదటి అద్భుతం: నిన్నటిదాకా ఎఫ్/4 అని వెలిగిన చోట ఎఫ్/8 అని వెలుగుతోంది.

మొదటి అడుగు 4 నుంచి 5.6కు పడింది. ఒక స్టాపు, అంటే సగం వెలుగు, స్వాహా. రెండో అడుగు 5.6 నుంచి 8కి. మిగిలిన దానిలో సగం స్వాహా. ఇందులో మాయ లేదు. చక్రవర్తి కన్ను ఇప్పటికీ అదే 125 మిల్లీమీటర్లు. 500ను 125తో భాగిస్తే 4, 1000ను భాగిస్తే 8. లోపలికి వచ్చే వెలుగు పెరగలేదు, తరగలేదు. దాన్ని పరిచే జాగా మాత్రం నాలుగింతలైంది. ఒక గరిటె పిండితో మామూలు దోశ పోసే చోట దానికి రెండింతల వెడల్పున పేపర్ దోశ పోశారన్నమాట. మందం నాలుగో వంతుకు దిగింది. పిండిలో ఉండ ఉంటే అదీ విస్తరించింది. లెన్సులో అంతకుముందే ఉన్న మసక, అంచుల రంగు, గురి తప్పడం, అన్నీ రెండింతలై కళ్లకు కడతాయి. వామనుడు కొత్తగా ఏదీ సృష్టించడు. ఉన్నదాన్నే పెద్దది చేస్తాడు.

"మూడో అడుగు ఎక్కడ పెట్టమంటావు?" అన్నాడు.

ఫోటోగ్రాఫర్ తలవంచాడు. చేతిలో పట్టుకు తీసేవారికి పాత లెక్క ఒకటుంది: లెన్సు పొడవెంతో షట్టర్ వేగం కనీసం అంత. 500కు సెకనులో 500వ వంతు, 1000కి 1000వ వంతు. అంటే ఇంకో స్టాపు. మూడు స్టాపులూ కలిపితే, ఐఎస్‌ఓ 400తో హాయిగా తీస్తున్న మనిషి 3200కు ఎగబాకాలి. లెన్సులోని స్టెబిలైజేషన్ ఈ మూడో అడుగు బరువును కొంత మోస్తుంది, స్టాండు ఇంకొంత మోస్తుంది. కానీ అవి ఆపేది మన చేతి వణుకునే. ముక్కుతో రెక్క గోక్కునే పక్షిని ఏ స్టాండూ ఆపలేదు.

తదనంతరం యుద్ధం.

శత్రువు నూరు మీటర్ల దూరాన కొమ్మ మీద కూర్చుని ఉన్నాడు. కింద వేలాడే సంచితో, ముక్కు వెంబడి వరసగా నీలిచుక్కలతో, ఎవరినీ లెక్కచేయని మంత్రిపుంగవుడిలా. 500 ఎం.ఎం.తో చూస్తే అంత దూరంలో 7.2 మీటర్ల వెడల్పు ప్రదేశం కెమెరాలో పడుతుంది. గూడబాతు ఎక్కడుందో కన్ను వెంటనే పట్టేస్తుంది. 1000తో ఆ వెడల్పు 3.6 మీటర్లే. వ్యూఫైండర్‌లో ముందు ఆకాశం కనిపించింది. తరవాత ఒక కొమ్మ. తరవాత మరో పక్షి తోక. మళ్లీ ఆకాశం. పక్కనే నిలబడ్డ ఒక చిన్నపిల్ల, చేతిలో ఏ పరికరమూ లేకుండా, "అదిగో అంకుల్, అక్కడే ఉంది" అంటూనే ఉంది.

చివరికి పక్షి చిక్కింది. అప్పుడు ఆటోఫోకస్ తన పరాక్రమం చూపింది. 3.7 మీటర్ల నుంచి అనంతం దాకా ఓ దండయాత్ర, తిరిగి అనంతం నుంచి 3.7 మీటర్లకు. కెనాన్ వారే చెప్పుకున్న ప్రకారం ఈఎఫ్ ఎక్స్‌టెండర్ తగిలిస్తే ఫోకస్ మోటారు వేగం 1.4తో సగానికి, 2తో పావుకు దిగుతుంది. గురి తప్పకుండా ఉండడానికే ఆ నిదానం. ఇక అద్దమున్న డీఎస్‌ఎల్‌ఆర్‌లలో చాలావాటికి ఎఫ్/5.6 దాటితే ఆటోఫోకస్ గుడ్డిదే; 7డీ మార్క్ 2 వంటివి ఎఫ్/8 దగ్గర నడిమి చుక్క ఒక్కదానితో చూడగలవు. అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలు వచ్చాక ఈ అంధత్వం చాలావరకు పోయింది. వామనులకు మళ్లీ గిరాకీ రావడానికి అదే కారణం. దండయాత్ర ఆపే అస్త్రం మాత్రం లెన్సు పక్కటెముక మీదే ఉంది. ఫోకస్ లిమిటర్ మీటను 10 మీటర్ల నుంచి అనంతం వైపు నెడితే చాలు. చాలామంది ఆ మీట ఉందనే మరిచిపోతారు.

ఎండ ఎక్కింది. నీటి మీద గాలి ఎండమావిగా వణకడం మొదలుపెట్టింది. ఈ శత్రువును ఏ లెన్సూ జయించలేదు. మధ్యలో ఉన్న గాలి ఉడుకుతుంటే 2ఎక్స్ పెద్దగా చూపేది ఆ ఉడుకునే. పక్షి ఈకలు నీటిలో నానిన కాగితంలా వస్తాయి. జనం ఇంటికొచ్చి వామనుణ్ణి తిడతారు. వాడి తప్పు ఇందులో లేదు.

వామనుడి అసలు కీర్తి ఇంకోచోట ఉంది. దాని గురించి ఎవరూ పెద్దగా పాడరు. కన్వర్టర్ తగిలించినా లెన్సు అతిదగ్గరి ఫోకస్ దూరం మారదు. 300 ఎం.ఎం. ఎఫ్/4 ఐఎస్ 1.5 మీటర్ల దగ్గర 0.24 రెట్ల బొమ్మ ఇస్తుంది. 1.4 తగిలిస్తే అదే దూరంలో 0.34 రెట్లు. గట్టు మీద గడ్డిపరక పట్టుకున్న తూనీగను బెదరగొట్టకుండా, దాని కంటి గళ్లు కనిపించేంత పెద్దగా తీయొచ్చు. గూడబాతుల కోసం వచ్చి అలిగి కూర్చున్నవారు కాళ్ల దగ్గర చూసుకుంటే మంచిది.

వివాహ ప్రకరణం కొంచెమే ఉంది. జాతకం చూడకుండా వామనుణ్ణి ఇంటికి తేకూడదు. ఆ పొడుచుకొచ్చిన గాజు కన్ను చొరబడడానికి లెన్సు వెనక ఖాళీ ఉండాలి. 50 ఎం.ఎం. లెన్సుకు తగిలిద్దామనుకుంటే అసలు పట్టదు. ఆర్ఎఫ్ 100-500 జూమ్ పరిస్థితి మరీ విడ్డూరం. దాన్ని 300 దాటి చాచితేనే కన్వర్టర్ కూర్చుంటుంది. కూర్చున్నాక లెన్సు మళ్లీ పూర్తిగా ముడుచుకోలేదు, సంచిలోకీ పట్టదు. ఇల్లరికం వచ్చిన అల్లుడు మామగారిని కాళ్లు ముడవనివ్వలేదు. కొందరు రాజులు ఈ గొడవంతా ఎందుకని వామనుణ్ణి గర్భంలోనే మోస్తున్నారు. కెనాన్ 200-400 ఎఫ్/4 అలా 2013లో వచ్చింది. నికాన్ జెడ్ 400 ఎఫ్/2.8, 600 ఎఫ్/4 రెండూ 2022లో వచ్చాయి. మీట నొక్కితే 1.4 లోపల్లోపలే దిగుతుంది. వాటి ధర ఈ కృతిభర్త చెవిన పడకూడదు కనుక చెప్పను.

అన్నిటికంటే జాలి కలిగించే ఘట్టం కుచేలుడిది. 150-600 ఎఫ్/6.3 జూమ్ కొనుక్కున్న సామాన్యుడే 'ఇంకాస్త దగ్గరగా' అని ఎక్కువ తపిస్తాడు. కానీ బలి ముందు చేయి చాచవలసినవాడు కుచేలుడి గుమ్మంలో నిలబడితే ఏమొస్తుంది? 1.4తో ఎఫ్/9, 2తో ఎఫ్/13. ఉన్న పిడికెడు అటుకులూ పోతాయి. ఉన్నవాడికే ఉపయోగపడడం ఈ వామనుడి గుణం. అది నాకు నచ్చదు, కానీ కాంతిశాస్త్రానికి నా ఇష్టంతో పని లేదు. కుచేలుడికి క్రాప్ అనే స్నేహితుడున్నాడు. 45 మెగాపిక్సెళ్ల బొమ్మను 1.4 రెట్లు దగ్గరగా కత్తిరిస్తే 22 పైచిలుకు మిగులుతాయి, రెండు రెట్లయితే 11. ఫేస్‌బుక్కుకూ గోడ మీద ఓ మోస్తరు పటానికీ అవి చాలు. పైగా క్రాప్ ఫోకస్‌ను నిదానింపజేయడు, సంచిలో బరువూ వేయడు.

కావ్యం కాబట్టి ఫలశ్రుతి ఉండాలి. ఎఫ్/2.8 గానీ ఎఫ్/4 గానీ ఉన్న సింగిల్ లెన్సు మీ దగ్గరుంటే, అదే కంపెనీ 1.4 కొనండి, కళ్లు మూసుకుని కొనండి. 2ఎక్స్‌ను కొనే ముందు ఒకరోజు అద్దెకు తెచ్చుకుని, ఎఫ్/11కు దించి, మీ కెమెరా మీద గోడకు అంటించిన దినపత్రిక అక్షరాలతో పరీక్షించండి. ఎఫ్/6.3 జూమ్ ఉన్నవారు ఏదీ కొనకండి. ఆ డబ్బుతో తెల్లవారకముందే సూళ్లూరుపేటలో దిగేలా ప్రయాణం పెట్టుకోండి. నేలపట్టులో గూడబాతులు అక్టోబరు నుంచి మార్చి దాకా ఉంటాయి.