లెక్కలోకి రాని మాస్టారు

సింగపూర్ లిటిల్ ఇండియాలో మెకానిక్స్ ట్యూషన్ చెప్పే తెలుగు మాస్టారిని ఊతపదంతోనే పోల్చుకోవచ్చు: "అది లెక్కలోకి రాదు." ఆయన లోకంలో నేలకు ఘర్షణ లేదు, దారానికి బరువు లేదు, కప్పీ కిర్రుమనదు. ఈ పేటలో పంతొమ్మిదో శతాబ్దంలో పశువుల వ్యాపారం జోరుగా సాగేది. బఫెలో రోడ్డు దాని గుర్తే. ఆ గేదెలూ మాస్టారి లెక్క నుంచి తప్పించుకోలేవు. ఆవును గోళం అనుకుని లెక్క మొదలుపెట్టడం భౌతికశాస్త్రజ్ఞులు తమ మీద తామే వేసుకునే జోకు. మాస్టారు గేదెకు ఆ గుండ్రదనం కూడా మిగల్చరు, చుక్క పెట్టి ద్రవ్యరాశి m అని రాస్తారు. కొమ్ములు, తోక, పాలు లెక్కలోకి రావు. ఆదివారం సాయంత్రం ముస్తఫా సెంటర్ దుకాణాల ముందు జనమూ ఆయనకు చుక్కలే. చుక్కలకు మోచేతులుండవు గనక ఊరంతా ఒకే మెట్టు మీద సర్దుకుంటుంది. పూలకొట్టులో రెండు మేకుల మధ్య వేలాడే మల్లెదండ కూడా ఆయన పటంలో బరువులేని దారమే. నిజంగా బరువే లేకపోతే ఏ ఆకారంలో వేలాడాలో పాపం ఆ దండకే తెలియదు.

అయితే వదిలెయ్యడమే ఆయన తప్పు అనుకుంటే అన్యాయం. పది మీటర్ల ఎత్తు నుంచి పీచు తీసిన కొబ్బరికాయ పడితే, గాలిని పక్కన పెట్టిన లెక్కలో నేల తాకేసరికి వేగం సెకనుకు 14 మీటర్లు. గాలిని కలిపితే తగ్గేది రెండు మూడు శాతం. కింద ఉన్న నెత్తికి ఆ తేడా తెలియదు. లఘులోలకాన్ని 20 డిగ్రీలు లాగి వదిలినా, సూత్రం చెప్పే ఆవర్తన కాలంలో తప్పు ఒక శాతం లోపే. భూమధ్యరేఖ పక్కనున్న సింగపూర్‌లో గురుత్వ త్వరణం g విలువ 9.78, మాస్టారు 10 వేస్తారు. పోనిద్దాం, అదీ రెండు శాతం పైచిలుకే. చిక్కల్లా వానతో. కిలోమీటరు ఎత్తు నుంచి రాలిన చినుకుకు గాలిని వదిలేసిన ఆ కొబ్బరికాయ సూత్రమే వేస్తే సెకనుకు 140 మీటర్లు, అంటే గంటకు 500 కిలోమీటర్లు! సెరంగూన్ రోడ్డులో గొడుగులన్నీ జల్లెడలు కావాలి. నిజానికి పెద్ద చినుకు కూడా సెకనుకు 9 మీటర్ల దగ్గరే చరమవేగానికి వచ్చి ఆగుతుంది. గాలి అదే, g అదే. కాయకున్న బరువు ముందు గాలి తోపు ఎంత? చినుకు బరువెంత? ఈ ప్రశ్న వేసుకున్నాకే గాలిని వదలాలో వద్దో తేలేది. మాస్టారు మాత్రం ముందే వదిలేసి కూర్చుంటారు.

పిల్లలకు మొదట సులువైనదే చెప్పాలి కదా అంటారు. చెప్పాల్సిందే, ఘర్షణ, గాలి, సాగే తాడు ఒక్కసారే మీద పడితే పిల్లవాడు పుస్తకం మూసేస్తాడు. కానీ వదిలినదాని ఖరీదెంతో చెప్పడానికి ఇంకొక్క వరస చాలు. ఆ వరస లేక శిష్యులు "గాలి నిరోధం లేదనుకున్నాం" అని పరీక్షలో రాసి మార్కు తెచ్చుకుంటారు, అనుకున్నందుకు ఎంత తప్పామో అడిగితే మొహాలు చూసుకుంటారు. గట్టిగా అడిగితే మాస్టారు గెలీలియోను అడ్డం పెట్టుకుంటారు: ఆయనా గాలిని వదిలేశాడుగా! వదిలాడు. కానీ 1638లో అచ్చయిన తన పుస్తకంలోనే, ఫిరంగి గుండంత వేగమైతే గాలి దాని పరవలయాన్ని చెడగొడుతుందని కూడా రాశాడు. మాస్టారు అందులోంచి పరవలయాన్ని తెచ్చుకున్నారు. ఆ మినహాయింపు మాత్రం లెక్కలోకి రాలేదు.