ఎడమ పక్కకు తప్పుకోండి

ఆదివారం మన హైదరాబాద్‌లో జరిగిన మారథాన్ పరుగు సంగతి మీకు తెలిసిందే. ఏ రోడ్డు మూస్తారో, ఏ బండి ఎటు తిరగాలో పేపర్లన్నీ వేశాయి. వేయనిదల్లా మా మేనల్లుడికి టీషర్టూ నంబరూ ఇచ్చి, వాటితోపాటు చేతిలో పెట్టిన మర్యాదల కాగితం. అందులో అన్నిటికన్నా పైనున్న ముక్క ఇది: నడిచేవాళ్ళు ఎడమ పక్కకు తప్పుకుని, వెనక నుంచి వేగంగా వచ్చేవాళ్ళకు దారివ్వాలట.

"మామయ్యా, నువ్వూ రారాదూ?" అన్నాడు వాడు.

నేను ముప్పయ్యేళ్ళుగా పరుగులోనే ఉన్నానురా అన్నాను. నాది అబిడ్స్–నాంపల్లి పరుగు. జీపీఓ దగ్గర మొదలు, నాంపల్లి స్టేషన్ దగ్గర ఆఖరు. రైళ్ళే అక్కడ ఆగిపోతాయి, ఇక మనుషులెంత? దూరం కిలోమీటరుకు అటూ ఇటూ. మారథాన్ 42.195 కిలోమీటర్లే కావచ్చు, కానీ అందులో రాంగ్ రూట్లో ఆటోలు ఎదురు రావు. మాకు ఫీజు లేదు, టీషర్టు లేదు, సెలవు లేదు. మర్యాదలు మాత్రం ఆ కాగితంలో ఉన్నవన్నీ ఉన్నాయి.

నెమ్మదిగా పోయేవాళ్ళు మొదట్లో వెనక నిలబడాలి. నిలబడటానికి మాకేం అభ్యంతరం? అబిడ్స్ సర్కిల్లో నెహ్రూగారి విగ్రహం అలాగే నిలబడి ఉంది. రోడ్డు దాటడానికి ఆయనకు ఇంకా సందు దొరకలేదని నా అనుమానం.

దాటిపోయే ముందు ఒక మాట చెప్పాలి. మావాళ్ళు చెప్పకుండా దాటరు. కొందరు హారన్‌తో చెబుతారు, కొందరు "బాజూ, బాజూ" అంటారు, కొందరు అద్దంతో మన మోచేతికి చెబుతారు. ఆపైన వెనక్కి తిరిగి "కనబడ్తలేదా పెద్దాయనా?" అని పరామర్శ కూడా చేస్తారు. ఏ మారథాన్‌లో ఉందండీ ఇంత ఆప్యాయత?

ఇద్దరికి మించి పక్కపక్కన నడవకూడదు. ఆ బెడద మాకు లేదు. మా ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్‌కూ నిలబెట్టిన బైకుకూ నడుమ ఒక్క మనిషే పడతాడు, అదీ ఊపిరి బిగబట్టి అడ్డంగా తిరిగితే. ఆదివారాలు పాత పుస్తకాలు పరుస్తారు. వాటిని మాత్రం అడ్డం అనను, పరుగులో సేద తీరే చోటు అంటాను.

ఉన్నట్టుండి ఆగకూడదు. మూతలేని మ్యాన్‌హోల్ దగ్గర ఈ నియమం పాటించినవాడు పందెం మధ్యలోనే లోపలికి వెళ్ళిపోతాడు. నీళ్ళు తాగి గ్లాసు డబ్బాలో వేయాలి. వానాకాలంలో మా నీళ్ళు దారి పొడుగునా ఉంటాయి, గ్లాసుతో పనిలేదు, మోకాలిదాకా అవే వస్తాయి.

జనవరి 1 నుంచి 46 రోజులు నాంపల్లిలో జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్‌ రోజుల్లో మా పందెం అసలు రంగు చూడాలి. భుజాన నిద్రపోతున్న పిల్ల, చేతిలో కొత్త బకెట్టు, వెనక హారన్. మిగతా రోజుల్లో టైం చార్మినార్ ఎక్స్‌ప్రెస్ చూసుకుంటుంది. అందుకుంటే అదే పతకం.

ఇక ఆ మొదటి ముక్క. మొన్న స్టేషన్ రోడ్డులో దాన్ని నిజాయితీగా పాటించాను. వెనక బుల్లెట్ బండి మోగింది, ఎడమకు తప్పుకున్నాను, అక్కడ కారు నిలిపి ఉంది. ఇంకా ఎడమకు జరిగాను, జనరేటర్. ఇంకా జరిగితే బట్టల షాపులో తేలాను.

"ఏం కావాలి సార్?"

"ఎడమ పక్క."

"స్టాక్ లేదు సార్."

ఆ షాపు గడప మీద నిలబడే చూశాను. ఒకావిడ స్కూలు పిల్లాణ్ణి పట్టుకుని రోడ్డు దాటుతోంది. బస్సును ఆపడానికి చెయ్యెత్తింది. ఆ చేత్తోనే డ్రైవర్‌కు దణ్ణం పెట్టింది. తన దారిన తాను పోవడానికి దణ్ణం!

2022లో దేశంలో రోడ్ల మీద ప్రాణాలు పోయిన 1,68,491 మందిలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్ళు. అంటే రోజుకు 90 మంది దాకా. ఫుట్‌పాత్ జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట ఢిల్లీ నుంచి నడిచి వస్తోందేమో, అబిడ్స్ ఇంకా చేరలేదు.

పరుగెత్తేవాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళకోసం పొద్దున్నే బండ్లన్నీ ఆపారు, మంచిదే. ఆపడం చేతనవుతుందని తెలిసిపోయింది కదా, నా కోపమల్లా అక్కడే. నంబరు తగిలించుకున్నవాడికి గంటల తరబడి రోడ్డంతా ఇచ్చినవాళ్ళు, రోజూ కూలికీ బడికీ ఆసుపత్రికీ నడిచే మనిషికి నాలుగడుగుల అంచు ఎందుకివ్వరు? ఆ నాలుగడుగులూ ఆక్రమించిందెవరు? మామూళ్ళు తీసుకున్నదెవరు? చూసీ చూడనట్టు కారులో పోయిందెవరు? వాళ్ళకు లేని మర్యాద, నడిచేవాళ్ళకు నేర్పుతారా?

తప్పుకోమంటే తప్పుకుంటాం. పుట్టినప్పటి నుంచీ చేస్తున్నదదే. ముందు ఆ పక్క ఎక్కడుందో చూపించండి.