పిరికివాళ్ల ఓడ వ్రతం

మనకు ప్రతిదానికీ ఒక విధానం ఉంది. వరలక్ష్మీ వ్రతానికి పుస్తకం ఉంది, సత్యనారాయణ వ్రతానికి ఉంది, గృహప్రవేశానికి పాలు ఏ మూల పొంగించాలో చెప్పే పుస్తకం కూడా ఉంది. సముద్రం పేరెత్తితే గుండెదడ వచ్చే మనిషి మొదటిసారి క్రూయిజ్ ఓడ ఎలా ఎక్కాలో మాత్రం ఎవరూ రాయలేదు. ఆ లోటు తీర్చే అర్హత నాకుంది. యాభై ఆరేళ్లుగా సముద్రంతో నా పరిచయం విశాఖ ఆర్కే బీచ్‌లో మోకాళ్ల దాకానే. అల వెనక్కిపోతూ కాళ్ల కింద ఇసుక లాగినప్పుడల్లా నేను మా ఆవిడ భుజం పట్టుకుంటాను. ఫోటోలో అది ప్రేమలాగే కనిపిస్తుంది.

అలాంటివాణ్ణి పోయిన మే నెలాఖరులో ముంబై నుంచి గోవాకి ఓడలో వెళ్లొచ్చాను. కింద రాసినవన్నీ నేను తు.చ. తప్పకుండా పాటించినవే. మీరూ పాటించండి. భయం పోతుందని హామీ ఇవ్వను. తీసుకెళ్లిన భయాన్ని చిల్లిగవ్వ తగ్గకుండా తిరిగి ఇంటికి తెచ్చుకోవచ్చని మాత్రం రాసిస్తాను.

సంకల్పం

టికెట్ కొనే ముందు టైటానిక్ సినిమా చూడాలి. చూసినవాళ్లు మళ్లీ చూడాలి. 1912లో ఆ ఓడలో దాదాపు 2,200 మంది ఉంటే, పడవల్లో చోటు 1,178 మందికే ఉందన్న సంగతి కాగితం మీద రాసుకోవాలి. అక్కడితో చదవడం ఆపెయ్యాలి. ఇంకో పేజీ తిప్పారో, ఆ ఘోరం తర్వాత 1914లోనే సోలాస్ అనే అంతర్జాతీయ ఒప్పందం పుట్టిందని తెలిసిపోతుంది. దేశాల మధ్య తిరిగే ప్రయాణికుల ఓడల్లో ఇప్పుడు పడవలూ గాలితెప్పలూ కలిపి, ఓడలో ఉన్నవాళ్లందరికీ పోగా మరో పాతిక శాతం మందికి చోటుండాలన్న నియమం కూడా కంటపడుతుంది. భయానికి అంతకంటే చేటు లేదు.

"నాన్నా, ముంబై నుంచి గోవా దారిలో మంచు దొరికేది ఓడలో బార్ కౌంటర్ దగ్గరే" అంది మా అమ్మాయి. పిల్లల మాటలు పట్టించుకోకూడదు.

తర్వాత బంధువులందరికీ ఫోన్ చెయ్యాలి. ఓడ ఎక్కనివాళ్లనే అడగాలి. ఎక్కినవాళ్లు బఫే గురించి, డాన్సుల గురించి చెప్పి మనసు పాడుచేస్తారు. మా పెద్ద బావగారు ఎన్నడూ ఓడ మొహం చూసినవారు కాదు. "నీళ్లనీ నిప్పునీ నమ్మకు బావా" అని ఒక్క ముక్కలో తేల్చారు. ఆ ముక్క నాకు ముంబై రేవు దాకా తోడొచ్చింది.

ముహూర్తం

టికెట్ చవగ్గా దొరికిన రోజే శుభముహూర్తం. ఎందుకు చవగ్గా దొరికిందని అడగకూడదు. అరేబియా సముద్రంలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల జోరు. మే నెలాఖరుకే నీళ్లలో ఆ కదలిక మొదలవుతుంది. పడమటి తీరంలో జూన్ 1 నుంచి జులై 31 దాకా చేపలవేట నిషేధం కూడా. ఆ నిషేధం చేపలు గుడ్లు పెట్టుకోవడానికే అయినా, ఆ రోజుల్లో సముద్రం ఎలా ఉంటుందో తెలిసిన జాలరి వల భుజాన వేసుకుని అలల వంక చూసి ఇంటికి పోతాడు. మీరు మాత్రం సగం ధరకి వస్తోందని పెట్టె సర్దుకోండి.

మన తూర్పు తీరం నుంచి వెళ్లాలనుకుంటే అక్టోబరు, నవంబరు నెలలు శ్రేష్ఠం. బంగాళాఖాతంలో తుఫాన్లకు అవి పెళ్లిళ్ల సీజను. హుద్‌హుద్ విశాఖను ఊడ్చేసింది 2014 అక్టోబరు 12న. డిసెంబరు దాటాక, జనవరి ఫిబ్రవరుల్లో సముద్రం కాస్త నెమ్మదిస్తుందని పెద్దలంటారు. అప్పుడు వెళ్తే బంధువులకు చెప్పుకోవడానికి కథేమీ మిగలదు.

ఓడ కొలతలు

ఎంత పెద్ద ఓడైతే అంత భయపడాలి. ఐకాన్ ఆఫ్ ద సీస్ అనే ఓడ 2024 జనవరిలో తిరగడం మొదలుపెట్టింది. పొడవు 365 మీటర్లు, అంతస్తులు 20, టన్నులు 2,48,663. ఈ అంకె చదవగానే "అంత బరువు నీళ్లమీద ఎలా తేలుతుంది?" అని రాత్రంతా నిద్ర మానుకోవాలి. ఇక్కడ టన్ను అంటే బరువు కాదు, ఓడ లోపలి ఖాళీని లెక్కగట్టే కొలమానం. ఓడ తన బరువుకి సరిపడా నీటిని పక్కకి నెడుతుంది కాబట్టి తేలుతుంది. ఈ రెండూ ఎనిమిదో తరగతి పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. అందుకే అడగకూడదు.

వేగం గురించి కూడా ఎక్కువ ఊహించుకోవాలి. ఇలాంటి ఓడలు ఇరవై నాట్ల చొప్పున, అంటే గంటకు దాదాపు 37 కిలోమీటర్ల వేగంతో పోతాయి. మా వీధి చివర ఆటో అంతకంటే జోరుగా పోతుంది. అందులో ఎక్కేటప్పుడు నేనెప్పుడూ బీమా పాలసీ గుర్తుచేసుకోలేదు.

గది నిర్ణయం

ఈ వ్రతంలో అసలైన ఘట్టం ఇదే. భయస్తుడు తీసుకోవలసింది పై అంతస్తులో, ఓడ ముక్కు దగ్గర, బాల్కనీ ఉన్న గది. నేను అదే తీసుకున్నాను. ఎత్తున ఉంటే నీళ్లకి దూరంగా ఉంటామని నా లెక్క. మునిగినా మన వంతు ఆఖరున వస్తుందని ఇంకో లెక్క.

ఆర్టీసీ బస్సులో వెనక సీటు ఎందుకు ఖాళీగా ఉంటుందో తెలిసిన జాతి మనది. గుంత వచ్చినప్పుడు డ్రైవరు వెనకున్నవాడు కదులుతాడు, వెనక సీటువాడు ఎగురుతాడు. ఓడా అంతే. ముక్కూ తోకా లేచి పడుతుంటే నడిమధ్య మాత్రం ఉయ్యాల ఇరుసులాగా తక్కువ కదులుతుంది. ఎత్తుకి వెళ్లేకొద్దీ పక్కలకి ఊగడం ఎక్కువ. ఓడ పొట్టకి రెండు పక్కలా చేప రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి. అవి పక్కఊపుని బాగా తగ్గిస్తాయి. ముందు వెనకలుగా లేచి పడేదాన్ని అవి పెద్దగా ఆపలేవు. అంటే నేను అదనంగా డబ్బు కట్టి ఓడ మొత్తంలో ఎక్కువ ఊగే గదిని వెతికి మరీ కొనుక్కున్నానన్నమాట.

మొదటి రాత్రి పదకొండింటికి అలమరలో ఖాళీ హ్యాంగర్లు ఒకదాన్నొకటి తట్టుకోవడం మొదలుపెట్టాయి. టక్. కాసేపాగి టక్ టక్. లేచి నా చొక్కాలన్నీ వాటికి తగిలించాను. ఈసారి చొక్కాలతో సహా ఊగాయి. బల్లమీద సగం గ్లాసు మంచినీళ్లున్నాయి. కళ్లార్పకుండా దాన్నే చూస్తూ కూర్చున్నాను. గ్లాసు ఒరుగుతోంది, బల్ల ఒరుగుతోంది, గోడకున్న టీవీ ఒరుగుతోంది, లోపలి నీళ్లు మాత్రం తొణక్కుండా మట్టంగా ఉన్నాయి. ఆ గదిలో బుద్ధిగా ఉన్నవి ఆ నీళ్లొక్కటే.

మా ఆవిడ గురకపెట్టి నిద్రపోయింది.

తీర్థం

కడుపులో తిప్పడం మొదలయ్యేదాకా ఏ మందూ వేసుకోకూడదు. ఎందుకు తిప్పుతుందంటే, లోపలి చెవి "కదులుతున్నాం" అంటుంది, ఎదురుగా ఉన్న గోడని చూస్తున్న కన్ను "లేదు, కూర్చునే ఉన్నాం" అంటుంది. ఇద్దరు సాక్షులూ రెండు రకాలుగా చెప్పేసరికి మెదడుకి తిక్కపుడుతుంది. ఈ తగువు బాగా ముదరాలంటే కిటికీ లేనిచోట కూర్చుని ఫోన్‌లో సీరియల్ చూడాలి. డెక్ మీదికి వెళ్లి దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసే గీత వంక చూస్తే సాక్షులిద్దరికీ రాజీ కుదిరిపోతుంది, జాగ్రత్త.

ఏ అవోమిన్ మాత్రో ప్రయాణానికి ముందే వేసుకుంటే పనిచేస్తుంది, వాంతులు మొదలయ్యాక వేసుకుంటే మాత్ర కూడా వాటితోనే బయటికి వస్తుంది. నేను రెండో పద్ధతి పాటించాను. ఇలాంటి మాత్రలు మత్తునిస్తాయి, ప్రోస్టేటు, గ్లాకోమా ఉన్నవాళ్లకు కొన్ని పడవు కూడా. కాబట్టి డాక్టర్ని అడగాలి. మా అత్తగారు తిరుమల ఘాట్ రోడ్డు కోసమని ఎప్పుడూ కొంగున నిమ్మకాయ కట్టుకునేవారు. ఆవిడని చూసి నవ్వినవాణ్ణి, గోవా దారిలో బార్ కుర్రాణ్ణి ఒక నిమ్మచెక్క అడిగి పుచ్చుకుని వాసన చూస్తూ కూర్చున్నాను.

సిగ్గుపడలేదు. ఇంగ్లండు యుద్ధనౌకల్ని నడిపిన నెల్సన్‌కి కూడా సముద్రం పడేది కాదు. బీగిల్ ఓడలో 1831 నుంచి 1836 దాకా తిరిగిన డార్విన్ కడుపులో తిప్పుతూనే తిరిగాడు. నేను మూడు రాత్రులు తిరిగాను. జీవపరిణామం గురించి నాకేమీ తోచలేదు.

నైవేద్యం

బఫే చూడగానే టికెట్ డబ్బు రాబట్టుకోవాలనిపిస్తుంది. రాబట్టుకోండి. పూరీ, పాస్తా, చేప, మూడు రకాల కేకులు ఒకే పళ్లెంలో పెట్టుకుని ఓడ ముక్కు దగ్గరున్న గదికి వెళ్లి పడుకోండి. వరసలో చేతులకి శానిటైజర్ పోస్తారు, దాంతో సరిపెట్టుకోండి. ఓడల్లో వాంతులూ విరేచనాలూ తెచ్చే నోరోవైరస్‌కి అది పెద్దగా లొంగదు, సబ్బూ నీళ్లే కావాలి. అయినా సబ్బు దాకా నడిచేసరికి జిలేబీ అయిపోతే?

నడిసముద్రంలో సిగ్నల్ పోగానే ఓడ నెట్‌వర్క్ మీద ఇంటికి ఫోన్ చెయ్యండి. ఆ బిల్లు చూశాక అలలు చిన్నవిగా కనిపిస్తాయి.

కథా శ్రవణం

సత్యనారాయణ వ్రతకథ మీరు విన్నదే. మొగుడి ఓడ రేవుకి వచ్చిందని వినగానే కళావతి ప్రసాదం తీసుకోకుండా పరుగెత్తింది. ఓడ కళ్లముందే మాయమైంది. ఇంటికెళ్లి ప్రసాదం తీసుకుని వచ్చాకే తేలింది. ఈ వ్రతంలో ప్రసాదం ఏదంటే, ఓడ కదిలే ముందు పెట్టే డ్రిల్లు. ఏడు పొట్టి కూతలు, ఆపైన ఒక పొడుగు కూత వినిపిస్తే ఎక్కడికి వెళ్లాలో, లైఫ్ జాకెట్ ఎలా కట్టుకోవాలో అప్పుడే చెబుతారు. కళావతి ప్రసాదం వదిలి ఓడకి పరుగెత్తింది. మనవాళ్లు డ్రిల్లు వదిలి బఫేకి పరుగెత్తుతారు. నేనూ సమోసా చేత్తో పట్టుకుని ఆఖరి నిమిషంలో చేరినవాణ్ణే. నా లైఫ్ జాకెట్ నాడా కట్టింది మా ఆవిడే. "బిగించావా?" అని మూడుసార్లు అడిగాను.

ఈ ఒక్కచోట వెటకారం పక్కన పెడతాను. 2012 జనవరి 13 రాత్రి ఇటలీలో జీలియో దీవి పక్కన కోస్టా కాంకోర్డియా రాతికి కొట్టుకుని ఒరిగింది. 32 మంది పోయారు. ఆ సాయంత్రమే ఎక్కిన వందలమందికి అప్పటికింకా డ్రిల్లు జరగలేదు. ఇరవై నాలుగు గంటల్లోపు చేస్తే చాలన్నది అప్పటి నియమం. ఇప్పుడు బయల్దేరే ముందో, బయల్దేరిన వెంటనో చేసి తీరాలి. అంతదూరం ఎందుకు, 2019 సెప్టెంబరు 15న గోదావరి మీద కచ్చులూరు దగ్గర పాపికొండల పడవ మునిగింది. నీటికి భయపడటం తప్పు కాదు. భయపడుతూ కూడా లైఫ్ జాకెట్ పక్కన పడేసి కూర్చోవడం తప్పు.

ఫలశ్రుతి

మూడో రోజు పొద్దున గది శుభ్రం చెయ్యడానికి వచ్చిన కుర్రాడు నా మాట విని, "ఏ ఊరండీ మీది?" అని తెలుగులో అడిగాడు. తనది సోంపేట వైపు. నా అవస్థంతా చెప్పాను. హ్యాంగర్ల సంగతి వినగానే అలమర తెరిచి, నాలుగు హ్యాంగర్లనీ కలిపి ఒక తువ్వాలుతో చుట్టి కట్టేశాడు. టక్ ఆగిపోయింది.

"నీకు ఎప్పుడూ తిప్పలేదా?" అన్నాను.

"ఓడైతే ఏటీ అవదు సార్. నాకు బస్సు పడదు. మా ఊర్నుంచి విశాఖ వెళ్లేసరికి రెండుసార్లు కక్కుతాను" అన్నాడు.

కాబట్టి పైన చెప్పినవన్నీ మరిచిపోండి. మొదటిసారికి రెండు, మూడు రాత్రుల ప్రయాణం చాలు. వానలూ తుఫాన్లూ లేని నెల చూసుకోండి. కింది అంతస్తులో, ఓడ నడిమధ్య గది అడగండి. అది చవక కూడా. మాత్ర గురించి డాక్టర్ని ముందే అడగండి. డ్రిల్లుకి వేళకి వెళ్లండి. హ్యాంగర్లకి ఒక తువ్వాలు చుట్టండి.

వచ్చే జనవరికి మేము మళ్లీ వెళ్తున్నాం. ఈసారి గది మా ఆవిడ ఎంచింది.