సిపాయి జీతాన్ని నేను

నేను దేనారియస్‌ని. తూకం నాలుగు గ్రాములకు కాస్త తక్కువ, అడ్డం రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. ఒక పక్క ఆకుల కిరీటం పెట్టుకున్న తిబేరియస్ చక్రవర్తి తల, దాని చుట్టూ తాను దేవుడైన అగస్టస్ కొడుకునని చాటుకునే అక్షరాలు. రెండో పక్క కుర్చీలో కూర్చున్న స్త్రీ, ఆమె చేతిలో ఒక కొమ్మ. తెలుగు బైబిలు చదివేవాళ్ళకు దేనారముగా నా పేరు పరిచయమే. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో బయటపడ్డ పదిహేను వందలకు పైగా రోమన్ వెండి నాణేల్లో నేనొకదాన్ని. వాటిలో ఎక్కువ భాగం అగస్టస్, తిబేరియస్‌ల పేరు మీద అచ్చయినవే. ఇప్పుడు నా కాపురం హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో. చూడవచ్చినవాళ్ళకు నేను సముద్ర వర్తకానికి గుర్తును: మిరియాలు వెళ్ళాయి, వెండి వచ్చింది, అంతే. అందులో అబద్ధమేమీ లేదు గానీ అది సగం కథే. నన్ను అచ్చువేసే టంకశాలలు ముందుగా చూసుకున్నది సిపాయి జీతం. అందుకే, రోమ్‌లో యుద్ధమంటే ఎక్కడో సరిహద్దు వ్యవహారం, సమాజమంటే లోపల ప్రశాంతంగా సాగిన వేరే బతుకు అనే మాట నేను ఒప్పుకోను. ఆ రెండూ జీతం దగ్గర ఒకటే.

మా వంశం మొదలైందే యుద్ధంలో. క్రీ.పూ. 211 ప్రాంతంలో, కార్తేజ్ సేనాని హన్నిబాల్ ఇంకా ఇటలీ గడ్డ మీద తిష్ఠ వేసి ఉండగా, ఖర్చులకు తట్టుకోలేక పాత నాణేలు చితికిపోతే రోమ్ మమ్మల్ని తెచ్చింది. తర్వాతి కాలంలో మాకు కావలసిన వెండి చాలావరకు స్పెయిన్ నుంచి వచ్చింది. ఆ గనులు కార్తేజ్ నుంచి గుంజుకున్నవి. అక్కడి కొత్త కార్తేజ్ నగరం దగ్గర గనుల్లో 40,000 మంది పనిచేసేవారని చరిత్రకారుడు పోలీబియస్ లెక్క. నా వంటి తిబేరియస్ నాణేలను అచ్చువేసింది గాల్ దేశపు లుగ్దునంలో, అంటే నేటి ఫ్రాన్సులోని లియోన్ నగరంలో. ఆ టంకశాలకు కాపలాగా ఒక సైనిక దళమే ఉండేది. గెలిచిన గని, కాపలా ఉన్న టంకశాల, అక్కడినుంచి రైన్ నది ఒడ్డున పటాలాల చేతికి. నా దారి ఇది.

అగస్టస్ కాలంలో లీజియన్ (రోమ్ ప్రధాన పటాలం) సిపాయి జీతం ఏడాదికి 225 దేనారియస్‌లు, మూడు విడతలుగా. వినడానికి బాగానే ఉంటుంది. యూదయలోని మసాడా కోటలో దొరికిన ఒక పపైరస్ చీటీ చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. బేరూత్ నుంచి వచ్చిన గాయుస్ మెస్సియుస్ అనే సిపాయికి 50 దేనారియస్‌ల విడత ముట్టింది. అందులో బార్లీకి 16, జోళ్ళకు 5, నార చొక్కాకు 7, తోలు పట్టీలకు 2, ఇవి కాక తిండి ఖర్చు. కోతలు పోగా మిగిలింది దాదాపు ఏమీ లేదు. జీతం బత్తెం అని మనవాళ్ళు కలిపి అంటారే, రోమ్ బత్తెం కూడా జీతంలోంచే కోసుకుంది. క్రీ.శ. 14లో అగస్టస్ చనిపోగానే డాన్యూబ్ సరిహద్దు రాష్ట్రం పనోనియాలోని పటాలాలు ఎదురుతిరిగాయి. మా ఒళ్ళూ ప్రాణమూ కలిపి రోజుకు పది ఆస్‌లేనా, రోజుకొక దేనారియస్ ఇవ్వండి అన్నది వాళ్ళ గోల అని చరిత్రకారుడు టాసిటస్ చెబుతాడు. నాలాంటి నాణేనికి 16 ఆస్‌లు. సిపాయి తెగువకు నేనే కొలమానాన్ని.

ఇక ఊళ్ళో ఉన్న మనిషి సంగతి. క్రీ.శ. 6లో అగస్టస్ సిపాయిల విరమణ కోసం ప్రత్యేక ఖజానా పెట్టి సొంతంగా 17 కోట్ల సెస్టర్స్‌లు వేశాడు (నాకు నాలుగు సెస్టర్స్‌లు). తర్వాత అది నడవడానికి వారసత్వపు ఆస్తి మీద 5 శాతం, వేలంపాటల మీద 1 శాతం పన్ను వేశాడు. యుద్ధం మొహం ఎరగని రోమ్ పౌరుడు చనిపోయిన పినతండ్రి ఆస్తి అందుకుంటే, అందులో ఒక వాటా ఎక్కడో డాన్యూబ్ ఒడ్డున పళ్ళూడిన సిపాయికి వెళ్ళింది. రోమన్ శాంతి అని చరిత్రకారులు మురిసిపోయేది ఈ ఏర్పాటునే. శాంతికి ఇంత పక్కాగా బిల్లు కట్టిన రాజ్యం అంతకు ముందు లేదనుకుంటాను.

అయితే నువ్వు తెలంగాణకు కత్తితో రాలేదు కదా, వర్తకుడి సంచిలో వచ్చావు కదా అని అడగవచ్చు. నిజమే. శాతవాహనుల నేల మీద రోమన్ సైన్యం ఎన్నడూ అడుగు పెట్టలేదు. భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టర్స్‌లు లాగేస్తోందని రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు. అంటే కోటీ ఇరవై అయిదు లక్షల దేనారియస్‌లు. 25 లీజియన్ల సిపాయిల మూల జీతం, లీజియన్‌కు అయిదు వేలమంది చొప్పున చూస్తే, ఏడాదికి దాదాపు రెండు కోట్ల ఎనభై లక్షలు. ప్లినీ గుండె బాదుకోవడంలో అర్థం ఉన్నట్టే కనబడుతుంది. కానీ ఆయన లెక్కలో ఒక పద్దు రాయలేదు. తూర్పు సరుకు ఈజిప్టు రేవు దాటేటప్పుడు విలువలో నాలుగో వంతు సుంకంగా కట్టాలి. మిరియాల కోసం బయటికి పోయిన వెండి మిరియాల మీద సుంకంగా ఖజానాకు తిరిగి చేరింది, ఖజానాలో పెద్ద ఖర్చు మళ్ళీ సైన్యమే. వర్తకం సైన్యానికి ఎదురు వ్యవహారం కాదు, దాని రాబడి దారి.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. సామ్రాజ్యంలో అయిదారు కోట్ల జనం ఉంటే సిపాయిలు మూడు లక్షల పైచిలుకు. మిగతావాళ్ళంతా దున్నుకుని బతికినవాళ్ళే, వాళ్ళ సమాజాన్ని సైన్యం పేరుతో ఎలా చదువుతావు అని. నా జవాబు: దున్నే చేతులు ఎవరివో తేల్చింది కూడా యుద్ధమే. రిపబ్లిక్ రోజుల్లో చిన్న రైతు ఏళ్ళ తరబడి దండయాత్రల్లో ఉండిపోతే, ఇటలీలో చాలాచోట్ల పెద్ద కమతాలు లేచి, యుద్ధంలో పట్టుబడ్డ బానిసలు వాటిని దున్నారు. క్రీ.పూ. 107లో రోమన్ సేనాపతి మారియుస్ భూమి లేనివాళ్ళను పటాలంలో చేర్చుకున్నాడు. అప్పటి నుంచి జీతానికీ చివర్లో వచ్చే పొలానికీ సిపాయి సేనాపతి వైపే చూశాడు, సెనేటు వైపు కాదు. మూడు లక్షలు తక్కువ సంఖ్యే, కానీ కత్తి పట్టి నగదు అడిగే మూడు లక్షలు. క్రీ.శ. 193లో ప్రిటోరియన్ కాపలాదళం తాను కాయవలసిన చక్రవర్తి పెర్టినాక్స్‌ను చంపి సింహాసనాన్ని వేలం వేసింది. తలకు 25,000 సెస్టర్స్‌లు ఇస్తానన్న దిదియుస్ జూలియానుస్ పాడుకున్నాడు. అతన్ని తోసి వచ్చిన సేనాపతి సెవెరస్ జీతాలు పెంచి, నా తమ్ముళ్ళలో వెండిని సగం దరిదాపుకు దించాడు. మూడో శతాబ్దం చివరికొచ్చేసరికి వెండి నాణెమన్నది పైపూతే.

ఈ తర్కం మధ్యధరా తీరానికే చెల్లుతుందనుకుంటే, మ్యూజియం దాటి లక్డీకాపూల్ మీదుగా మాసబ్ ట్యాంక్ వైపు వెళ్ళండి. దారిలో ఏసీ గార్డ్స్ వస్తుంది. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, నిజాం గుర్రపు దళం, నివసించిన పేట అది. వనపర్తి సంస్థానంలో మొదలైన ఆ సిద్దీల (ఆఫ్రికా మూలాలున్నవాళ్ళ) దళం తర్వాత నిజాం కొలువుకు మారింది. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ భారత్‌లో కలిశాక కొలువు పోయింది, కుటుంబాలు ఉండిపోయాయి, వాళ్ళ మర్ఫా వాద్యం నగరం పెళ్ళిళ్ళలోకి చేరింది. నిజాం రోమ్ చక్రవర్తి కాడు, పోలిక అతి అంటే కొంత ఒప్పుకుంటాను. తేడా నేనే చెబుతాను. రోమ్ సహాయక దళాల్లో 25 ఏళ్ళు చేసిన పరదేశికి పౌరసత్వం దక్కేది. దానికి రుజువు తీగతో కట్టిన రెండు కంచు రేకులు, వాటి మీద ఏడుగురు సాక్షుల ముద్రలు. అలాంటి రాతకోతల హక్కేదీ సిద్దీ సవారుకు లేదు. ఉన్నది కొలువు, దొర దయ.

జీతం బాకీ పడ్డవాడికి రాజ్యం చెయ్యి జారుతుందన్న చోట మాత్రం తేడా లేదు. నిజాం పేరుతో ఉన్న హైదరాబాద్ కంటింజెంట్‌ను నడిపింది బ్రిటిష్ అధికారులు, ఖర్చు మాత్రం నిజాంది. బకాయిలు పేరుకుపోతే 1853లో పత్తి పండే బేరార్‌ను ఆ జీతాల కింద ఈస్టిండియా కంపెనీకి అప్పగించాల్సి వచ్చింది. 1902లో వైస్రాయ్ కర్జన్ దాన్ని ఏడాదికి 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలుగా రాయించుకున్నాడు. మరుసటి ఏడు ఆ కంటింజెంట్ బ్రిటిష్ ఇండియా సైన్యంలో కలిసిపోయింది. ఏ పటాలం జీతం కోసం బేరార్ పోయిందో ఆ పటాలమే లేదు, అయినా బేరార్ తిరిగి రాలేదు.